అప్‌డేట్: బొమ్మల బల్ల దగ్గర భుజం నొప్పి, కారణం దొరికింది

విజయనగరంలో మా ఇంట్లో బొమ్మలు గీసుకోవడానికి బల్ల వేసుకున్నాక కుడి భుజం పట్టేస్తోందని, కుర్చీ మార్చాలా అని గత నెల అడిగాను. సలహాలిచ్చిన వారందరికీ కృతజ్ఞతలు.

పనిచేసింది మోచేయి ఎత్తు కొలవమన్న సలహా. వడ్రంగి మేస్త్రి నన్ను కూర్చోబెట్టి టేపు పట్టి చూస్తే, నేల నుంచి మోచేయి 26 అంగుళాలు, బల్ల 30 అంగుళాలు ఉన్నాయి. అంటే ఇన్నాళ్లూ భుజం ఎగదీసుకునే గీస్తున్నానన్నమాట. బల్ల కాళ్లు నాలుగు అంగుళాలు కోయించాను. అప్పుడు సొరుగు తొడలకు తగలడంతో దాన్నీ ఊడదీయించాల్సి వచ్చింది, కుంచెలు ఇప్పుడు ఆవకాయ జాడీలో ఉన్నాయి. కిటికీ వెలుతురు ఎడమవైపు నుంచి పడేలా బల్లను తిప్పాక, గీత మీద చేతి నీడ పడటం లేదు.

కుర్చీకి ఏ దోషమూ లేదు.