అమ్మ మోకాళ్ల నొప్పికి ఆయుర్వేదం: ఎక్కడ మొదలుపెట్టాలి?

మాచవరం_పద్మజ
అమ్మకి 61. మోకాళ్ల నొప్పులు, పైగా షుగర్ బిళ్ల వాడుతోంది. ఆపరేషన్ అంటే భయం, ఆయుర్వేదం చూద్దామంటోంది. ఒంటి తత్వం, అదే ప్రకృతి అంటారే, అది ఎవరిది వాతమో ఎవరిది పిత్తమో ఎలా తెలుస్తుంది? షుగర్ బిళ్లతో కలిపి వాడొచ్చా? బెజవాడలో చూపించుకున్నవాళ్లు చెప్పండి.

బ్రాడీపేట_రాజు
మా నాన్న నడుం నొప్పికి వస్తికర్మ, అంటే మలద్వారం గుండా మందు ఎక్కించే చికిత్స, చేయించాం అక్కా. ఎనిమిది రోజులు. ఒంటికి నూనె పట్టించి, ఆవిరి పెట్టి, ఒకరోజు నూనె వస్తి, మర్నాడు కషాయ వస్తి. ఇప్పుడు రెండో అంతస్తుకి గోడ పట్టుకోకుండా ఎక్కుతున్నాడు! ముందు కడుపు శుభ్రపడాలి. త్రిఫల మొదలెట్టించండి. కరక్కాయ ఒక వంతు, తానికాయ రెండు, ఉసిరి నాలుగు, తూచి దంచుకోవాలి.

కృష్ణలంక_శ్రీను
ఒకటి రెండు నాలుగు ఎక్కడిది అన్నా? మూడూ సమభాగాలే. మా అమ్మమ్మ ముప్పై ఏళ్లు అలాగే దంచింది.

బ్రాడీపేట_రాజు
శ్లోకంలోనే ఉంది తమ్ముడూ. అమ్మమ్మ మాట కాదు, శాస్త్రం చూడు.

కృష్ణలంక_శ్రీను
మా అమ్మమ్మ జోలికి రావద్దు. ఆవిడ చేతి పొడి తిని బాగుపడ్డవాళ్లు మా వీధినిండా ఉన్నారు.

వైద్య_పటమట
ఇద్దరూ ఆగండి. నోరి రామశాస్త్రి ప్రభుత్వ ఆయుర్వేద కళాశాలలో అయిదున్నరేళ్లు చదివాను, పన్నెండేళ్లుగా ఇదే నా వృత్తి. శ్లోకంలో ఒకటి, రెండు, నాలుగు అన్నది కాయల లెక్క, తూకం కాదు. కరక్కాయ పెద్దది, తానికాయ అంతకన్నా చిన్నది, ఎండిన ఉసిరి ఇంకా చిన్నది. గింజ తీసి పెచ్చులు తూస్తే మూడూ ఇంచుమించు సమానమవుతాయి. అమ్మమ్మగారి లెక్క సరైనదే.

బ్రాడీపేట_రాజు
మాకు మందు ఇచ్చినాయన తూకమనే చెప్పాడు. ఆయనా డాక్టరే.

గుణదల_మూర్తి
కాయల లెక్క తర్వాత చూద్దురు గానీ, నా మాట వినండమ్మా. రెండేళ్ల కిందట కీళ్లనొప్పులకని ఊళ్లు తిరిగే ఒకాయన దగ్గర పొట్లాలు కొన్నా. పాత క్యాలెండర్ కాగితంలో చుట్టిన ఇటుకరంగు పొడి, తేనెలో రంగరించి నాకమన్నాడు. మూడు నెలలకి కడుపులో మెలిపెట్టే నొప్పి, విరేచనం కాదు, రక్తం తగ్గిపోయింది. అందరూ గ్యాస్ అన్నారు. చివరికి రక్తంలో సీసం ఎంతుందో చూస్తే అసలు సంగతి బయటపడింది. నొప్పి తగ్గింది కదా అని నేనే ఇంకో ఇద్దరికి ఇప్పించా. అది తలుచుకుంటే నిద్ర పట్టదు.

వైద్య_పటమట
అది ఆయుర్వేదం తప్పు కాదండి. సీసం లాంటి లోహాలని మందులో వాడేముందు శుద్ధి చేసి, కాల్చి భస్మం చేసే మారణం అని పద్ధతి ఉంది. 1940 నాటి మందుల చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా తయారుచేసి అమ్మకూడదు.

గుణదల_మూర్తి
శుద్ధి అంటే నా ఒంట్లో సీసం పోతుందా? ఎవరిని అడిగినా ఇదే మాట, తప్పు శాస్త్రానిది కాదంటారు. మరి పోయిన ఆరోగ్యం ఎవరిది?

వైద్య_పటమట
మీ బాధ కాదనను. పొట్లం మందు ఎవరిచ్చినా వద్దని నా దగ్గరికి వచ్చిన ప్రతివాళ్లకీ చెప్తాను. డబ్బా మీద లైసెన్సు నంబరు, బ్యాచ్ నంబరు, ఏమేం కలిపారో ఉండాలి.

లక్ష్మీపురం_సునీత
పథ్యం సంగతి ఎవరూ ఎత్తరేంటి? నాకు గోంగూర, వంకాయ, ఆవకాయ మూడూ ఆపించారు. గుంటూరులో పుట్టి ఆరు నెలలు గోంగూర లేకుండా ఎలా? మందు కన్నా అదే కష్టమైంది.

బ్రాడీపేట_రాజు
మా నాన్నకి మజ్జిగ కూడా ఆపారు.

మాచవరం_పద్మజ
మూర్తిగారూ, మేనత్త పంపిన పొట్లం ఒకటి మా ఇంట్లో ఉంది. మీది చదివి తీసి చూశా. పేరే లేదు. అమ్మకి ఇవ్వను. డాక్టరుగారూ, నా షుగర్ ప్రశ్న అలాగే ఉండిపోయింది.

వైద్య_పటమట
బిళ్ల ఆపకండి. పొడపత్రి, కాకర లాంటివి కలిసిన మందు దానికి తోడైతే షుగర్ బాగా పడిపోవచ్చు, అందుకే వేసుకునే బిళ్లలన్నీ చూపించాలి. ప్రకృతి పుట్టుకతో వచ్చేది. ఆకలి, నిద్ర, ఒంటి తీరు, నాడి చూసి చెబుతాం. మందు మాత్రం వాత, పిత్త, కఫ దోషాల్లో ఇప్పుడు చెడినదానికి. పొద్దున లేవగానే అమ్మగారి కీళ్లు వాచి బిగుసుకుపోతాయా? అలాగైతే ఆమవాతం కావచ్చు. దానికి నూనె మర్దన చేస్తే ముదురుతుంది. నడిస్తే నొప్పి, కూర్చుంటే తగ్గుదల అయితే సంధివాతం. రెండింటి దారులూ వేరు.

మాచవరం_పద్మజ
వారం నుంచి రోజూ పొద్దున నువ్వులనూనె మర్దన చేస్తున్నా. వాపు ఉందో లేదో రేపు లేవగానే చూసి చెప్తా.

కృష్ణలంక_శ్రీను
రాజన్నా, కాళేశ్వరరావు మార్కెట్‌లో కరక్కాయలు తీసుకుని నువ్వే గింజ తీసి తూచి చూడు.