చిప్‌లో కలిసిన మందును నమ్మి రోగికి చికిత్స నిర్ణయించవచ్చా?

పాలమూరు పీజీ విద్యార్థి:
క్యాన్సర్ రోగికి ఏ మందు పనిచేస్తుందో అతని కణితి కణాలపైనే ముందుగా పరీక్షించి చూడవచ్చు. కానీ సూది బయాప్సీలో (సూదితో నమూనా తీయడంలో) వచ్చే కణితి ముక్క దారపు పోగంతే ఉంటుంది. ప్రయోగశాలల్లో వాడే 96 గుంటల ప్లేటులో పరీక్షించాలంటే ఒక్కో గుంటకు సుమారు 100 మైక్రోలీటర్ల ద్రవమూ, వేలకొద్దీ కణాలూ కావాలి. వెంట్రుకంత కాలువలున్న చిన్న పలక, అంటే మైక్రోఫ్లూయిడిక్ చిప్‌లో మందును, పోషకద్రవాన్ని సన్నని కాలువల్లో కలుపుతూ పోతే కొద్దిపాటి కణాలతోనే పలు గాఢతలు చూడవచ్చు. ఇటువంటి పరీక్ష మహబూబ్‌నగర్ వంటి జిల్లా కేంద్రాల్లోనే జరగాలని, దాన్ని బట్టే మందు ఎంచుకోవాలని నా వాదన.

నల్లగొండ అధ్యాపకుడు:
నమూనా ఆదా అవుతుందన్న మాటతో నాకు పేచీ లేదు. నా సందేహం కలిసే తీరు గురించి. ఫ్లోరైడు తీసే నల్లగొండ పద్ధతిలో పటిక, సున్నం వేసి నీళ్లను మొదట గబగబా తిప్పుతారు, సుడి లేచి అన్నీ కలుస్తాయి. వెంట్రుకంత కాలువలో సుడి లేవదు. రెండు ధారలు చీర అంచుల్లా పక్కపక్కనే సాగుతాయి, కలవడానికి విసరణ, అంటే అణువులు వాటంతట అవే మెల్లగా వ్యాపించడం, ఒక్కటే దిక్కు. 100 మైక్రోమీటర్ల వెడల్పు దాటడానికి చిన్న మందు అణువుకు సుమారు 10 సెకన్లు పడుతుంది కనుక, సెకనుకు ఒక మిల్లీమీటరు చొప్పున పారే ద్రవానికి సెంటీమీటరు పొడవు కాలువ కావాలి. మందుగా వాడే యాంటీబాడీ అనే ప్రొటీన్ వంటి పెద్ద అణువుకైతే అది ఏ మూలకూ చాలదు. కాలువ అడుగున చేపముల్లు ఆకారపు గాడులు చెక్కి ధారలను మెలిపెట్టే పద్ధతి 2002లో వచ్చాక ఈ చిక్కు చాలావరకు తీరింది.

తీరనిది గోడల సంగతి. చిప్‌లను ఎక్కువగా పోతపోసే పీడీఎంఎస్ అనే సిలికాన్ రబ్బరు, నీటిలో సరిగా కరగని మందులను పీల్చుకుంటుంది. రొమ్ము క్యాన్సర్ మందు టామాక్సిఫెన్‌ను 10 మైక్రోమోలార్ గాఢతతో పంపామని రాసుకుంటాం, కణానికి చేరేది అంతకంటే తక్కువ. కణాలు చావకపోతే మందు పనిచేయలేదని నివేదిక ఇస్తాం, నిజానికి మందును తాగింది గోడ.

పాలమూరు పీజీ విద్యార్థి:
సార్, అది రబ్బరు దోషమే కానీ పద్ధతి దోషం కాదు. గాజుతో చేసిన చిప్ వాడి, బయటికి వచ్చిన ద్రవంలో గాఢత కొలిస్తే సరిపోతుంది. డాక్సోరూబిసిన్ అనే క్యాన్సర్ మందుకైతే ఆ శ్రమ కూడా తక్కువే. వేరే రంగు కలపకుండానే, తగిన కాంతి పడితే అది ఎర్రగా మెరుస్తుంది కనుక ఎక్కడ కలిసిందో, ఎక్కడ కలవలేదో మైక్రోస్కోపు కిందనే కనిపిస్తుంది. పైగా 2023లో కేంద్రం నియమాలను సవరించి, జంతువులపై పరీక్షలకు బదులుగా ఆర్గన్ ఆన్ చిప్ (అవయవం పనితీరును అనుకరించే చిప్) పద్ధతులను కూడా అనుమతించింది కదా.

నల్లగొండ అధ్యాపకుడు:
గాజు మాట ఒప్పుకుంటున్నాను. అయితే ఆ సవరణ కొత్త మందులను మనుషులపై ప్రయోగించే ముందు చేసే పరీక్షలకు సంబంధించినది, ఒక రోగికి మందు ఎంచడానికి కాదు. సైక్లోఫాస్ఫమైడ్ అనే క్యాన్సర్ మందునే తీసుకోండి: అది కాలేయంలో రూపం మారాకే కణితిపై పనిచేస్తుంది. కాలేయ కణాలు లేని చిప్‌లో దాన్ని ఎంత చక్కగా కలిపినా ఫలితం శూన్యమే వస్తుంది, ఆ శూన్యాన్ని చూసి డాక్టరు మంచి మందును పక్కన పెట్టే ప్రమాదం ఉంది. పనికిరాని మందులను ఏరివేయడానికి కాక, తర్వాత పరిశీలించవలసిన మందుల వరుస తేల్చడానికి అయితే మీ చిప్‌కు నేనూ ఓటు వేస్తాను.