డొమింగో మోంటోయా: కొన్ని పేజీల తండ్రి నవలంతా ఎలా నిలిచాడు?

చిత్తుప్రతి: హాస్యం కలిసిన జానపద సాహస నవల రాస్తున్నాను. నాయకుడి తండ్రి కంచు గంటలు పోతపోసేవాడు, ఒక్క అధ్యాయంలో వచ్చి హత్యకు గురవుతాడు. ఆ చావుతో హాస్యం కూడా చచ్చిపోతోంది. విలియం గోల్డ్‌మన్ 1973 నవల ‘ది ప్రిన్సెస్ బ్రైడ్’లో కత్తియోధుడు ఇనీగో తండ్రి, కత్తులు చేసే డొమింగో కూడా హత్యకు ముందు కాసేపే కనిపిస్తాడు కదా, అక్కడ ఎందుకు బెడిసికొట్టలేదు?

మూడోపేజీ: 1987 సినిమాను పక్కన పెట్టండి. అందులో డొమింగో తెర మీదకే రాడు. తండ్రి హత్యను ఇనీగో కొండ కొమ్మున నాలుగు మాటల్లో చెప్పేస్తాడు, మిగతాది నటుడి గొంతు చూసుకుంటుంది. కాగితం మీద ఆ సాయం ఉండదు.

నవలలో వరస చూడండి. ముందు హత్య కాదు, యెస్తే వస్తాడు. మాడ్రిడ్‌లో పేరుమోసిన లావుపాటి కత్తుల తయారీదారు, తన వల్ల కాని పని పట్టుకుని టొలీడో కొండల్లోని అరబెల్లా దాకా ఎక్కి వస్తాడు. డొమింగో తిడతాడు, చెయ్యనంటాడు, చివరికి చేస్తాడు. మనం నవ్వుతుండగానే ఆయన ఎంతటి పనివాడో తెలిసిపోతుంది. రచయిత పొగడనక్కర్లేదు.

తర్వాత తనకో కత్తి కావాలంటూ ఆరువేళ్ళ దొర వస్తాడు, చివరికి డొమింగోను చంపేది వాడే. ఆ చేతికి మామూలు పిడి కుదరదు, పిడి మారితే కత్తి తూకం మొత్తం మారాలి. ఏడాది పని. ఒకరోజు సంబరం, మర్నాడు నీరసం. దాంతో కత్తి ఎలా వస్తుందోనని మనకే ఆత్రం పుడుతుంది. చావు మాత్రం టక్కున అయిపోతుంది. చాలామంది దీన్నే తిరగేస్తారు: పని రెండు వాక్యాలు, ఏడుపు రెండు పేజీలు.

అట్టవెనక: పై మాటకు ఒక చేర్పు. ఆ గతం మనకు తెలిసేసరికి ఇనీగో పెద్దవాడై కొండ మీద ప్రత్యర్థి కోసం ఎదురుచూస్తున్నాడు. కొడుకు బతికి బాగున్నాడని ముందే తెలుసు కాబట్టి చావు కథను ముంచెయ్యదు. మీ హత్య మొదటి అధ్యాయంలో ఉంటే వెనక్కి జరపండి.

పైగా డొమింగో వెనక మూడు మిగులుతాయి: కత్తి, కొడుకు బుగ్గల మీద గాట్లు, హంతకుడికి చెప్పాల్సిన ఒక వాక్యం. ఆ వాక్యాన్ని దాచుకోవాలి. అధ్యాయానికోసారి పలికిస్తే అసలు పోరు వచ్చేసరికి అరిగిపోతుంది.

చిత్తుప్రతి: అదే నవలలో నాయిక బటర్‌కప్ అమ్మానాన్నలు కేవలం నవ్వుకే ఉన్నారుగా?

మూడోపేజీ: అవును, పోట్లాడుకుని స్కోరు లెక్కపెట్టుకునే జంట. తీసేసినా కథ చెదరదు, అది తప్పేమీ కాదు. ఇనీగో నేస్తం, భారీకాయుడు ఫెజ్జిక్ అమ్మానాన్నలది నడిమి దారి: మెత్తని పిల్లవాణ్ణి ప్రేమతోనే కుస్తీలోకి తోస్తారు, నవ్వూ నొప్పీ ఆ ఒక్క పనిలోనే ఉన్నాయి.

మీ గంటల విషయానికొస్తే, గిరాకీ అడిగేదే వింతగా ఉండాలి. తనకు తప్ప ఎవరికీ వినపడని గంట కావాలన్నాడనుకోండి. కంచులో రాగి సుమారు 78 పాళ్ళు, తగరం 22. తగరం ఇంకా పెరిగితే పెళుసై గంట పగులుతుంది, బాగా తగ్గితే నాదం మొద్దుబారుతుంది. రెండు గంటలు పాడుచేయించండి, ఒకటి పగిలి, ఒకటి మూగబోయి. మూడోది మోగిన పేజీలోనే గిరాకీ తిరిగి రావాలి.

అట్టవెనక: ఆ పగిలిన గంట ముక్కను కొడుకు దగ్గర ఉంచండి. మంచి గంటను హంతకుడు పట్టుకుపోతాడు, అది మోగిన ప్రతిచోటా వాడి జాడ దొరుకుతుంది. అయితే వాడికి తప్ప వినపడని గంట కొడుక్కి ఎలా వినపడిందో మాత్రం ముందే తేల్చుకోండి. మీ కథకు అసలు ముడి అదే.