బ్యాంకాక్‌లో అక్కడావిడే ఊరు తిప్పుతానన్నారు, ముందుగా ఏం తేల్చుకోవాలి?

బరంపురం బుల్లోడు:
అమ్మా నేనూ నాలుగు రోజులకి బ్యాంకాక్ వెళ్తున్నాం. ఆఫీసు పనిలో పరిచయమైన థాయ్ ఆవిడ రెండు రోజులు దగ్గరుండి తిప్పుతానన్నారు. అమ్మ గుడ్డు కూడా ముట్టదు. ఆవిడకి ఏం అప్పజెప్పాలి, మేమేం చూసుకోవాలి? బరంపురం నుంచి ఏం పట్టుకెళ్తే బాగుంటుంది?

రాయగడ రాంబాబు:
తిండి మొత్తం ఆవిడకే అప్పజెప్పండి. "మాంసం వద్దు" అంటే చాలదు, అక్కడ చేపల సాస్‌ని మాంసం కింద లెక్కెయ్యరు. చేపల సాస్, రొయ్యల ముద్ద, ఆయిస్టర్ సాస్, కోడి రసం, గుడ్డు, మాంసంతోపాటు ఈ ఐదూ వద్దని థాయ్‌లో మీ ఫోన్లో రాయించుకోండి. ఆవిడ లేని రోజు అది చూపిస్తే సరిపోతుంది. అప్పటికప్పుడు బాణలిలో వేయించే కూరల్లో ఇవి మానేస్తారు. ఎర్ర కూర, పచ్చ కూరల్లో మాత్రం రొయ్యల ముద్ద ముందే మసాలాలో నూరేసి ఉంటుంది, తీసెయ్యడం కుదరదు. పసుపు జెండా మీద ఎర్ర అక్షరాలతో 'జే' (పూర్తి శాకాహారం) అని ఉన్న కొట్లో అమ్మగారు నిశ్చింతగా తినొచ్చు. అక్కడ ఉల్లి, వెల్లుల్లి కూడా వెయ్యరు.

ఇంకోటి. "ఎక్కడికైనా సరే" అనకండి. మొహం మీద కాదనడం వాళ్ళకి ఇబ్బంది, అందుకే మీరే రెండు చోట్లు చెప్పి ఏది దగ్గరో అడగండి.

పర్లాకిమిడి పంతులు:
రాజభవనానికి ఆవిడ్ని లాగొద్దు. పొద్దున్న 8.30కి తెరుస్తారు, అప్పటికే మీరు గేటు దగ్గరుండాలి. విదేశీయులకి టికెట్టు 500 బాత్ (అక్కడి డబ్బు). భుజాలు, మోకాళ్ళు కప్పుకోవాలి, అమ్మగారి చీరతో ఏ పేచీ లేదు, మీరు నిక్కరు మానండి. బయట ఎవరైనా "ఇవాళ మూసేశారు, వేరే గుడి చూపిస్తా" అంటే ఆగకండి, వాళ్ళెక్కించే టుక్‌టుక్ (ఆటో) తేలేది రాళ్ళ నగల కొట్టు దగ్గరే.

వెళ్ళడానికి ఆకాశ రైల్లో (వంతెన మీద నడిచే మెట్రో) సఫాన్ టక్సిన్ స్టేషన్లో దిగి, కిందున్న సాథోన్ రేవులో నారింజ జెండా పడవ ఎక్కండి, 16 బాత్. టూరిస్టు పడవ టికెట్లు అమ్మేవాళ్ళు ముందు తగులుతారు, అది ఖరీదు. థా చాంగ్ రేవులో దిగితే రాజభవనం, థా తియన్ రేవులో దిగితే వాట్ ఫో గుడి. సాయంత్రం ఐదు నుంచి ఏడు దాకా టాక్సీ జోలికి పోవద్దు, రైలే నయం. ఆకాశ రైలుకీ భూగర్భ రైలుకీ టికెట్లు వేర్వేరని మర్చిపోకండి.

సిల్క్ సిటీ సుజాత:
కానుకకి బరంపురం పట్టు కండువా చాలు. పర్లాకిమిడి కొమ్ము బొమ్మలు బాగుంటాయి కానీ వద్దు, జంతువుల వస్తువని కస్టమ్స్‌లో అడిగితే చెప్పుకోలేక చావాలి. తిరిగొచ్చేటప్పుడు బుద్ధ విగ్రహం కొనాలనుకుంటే అక్కడి లలితకళల శాఖ అనుమతి కావాలి.

బిల్లు దగ్గర పెనుగులాట పెట్టుకోకండి. పిలిచినవాళ్ళో పెద్దవాళ్ళో ఇవ్వడం అక్కడి వాడుక. "రేపు మధ్యాహ్నం భోజనం మాది" అని ముందురోజే చెప్పేస్తే ఒప్పుకుంటారు. చిన్న కొట్లలో వాళ్ళ క్యూఆర్ నడుస్తుంది, మీకు అది కుదరదు కాబట్టి 20, 100 బాత్ నోట్లు ఉంచుకోండి. ఏటీఎంలో ఒక్కోసారికి 220 బాత్ పైనే కోత పడుతుంది, తీస్తే ఒకేసారి తియ్యండి.

థాయ్‌లాండ్‌లోకి వెళ్ళేవాళ్ళు ఆన్‌లైన్‌లో నింపే డిజిటల్ అరైవల్ కార్డుని అక్కడ దిగే ముందు మూడు రోజుల్లోపు నింపాలి. అది ఉచితం, డబ్బడిగే సైటైతే దొంగది.

బరంపురం బుల్లోడు:
అమ్మకి మోకాళ్ళ నొప్పి. వాట్ అరుణ్ గుడి ఎక్కగలదా?

పర్లాకిమిడి పంతులు:
మెట్లు నిటారు, ఎక్కించకు బాబూ. కిందనుంచి చూసినా చాలు. వాట్ ఫోలో 46 మీటర్ల శయన బుద్ధుణ్ణి దాదాపు చదును నేల మీదే నడిచి చూడొచ్చు, కూర్చోడానికి చోటుంది. ఆకాశ రైలు స్టేషన్లలో అన్ని వైపులా లిఫ్టు ఉండదు. ఏ గేటు దగ్గరుందో ఆవిణ్ణే అడిగి రాసుకో.