సీసీఐ ఒక్క విలీనాన్నీ కొట్టెయ్యలేదు, మరి కంపెనీలకు భయం ఎందుకుంటుంది?

గాజువాక శ్రీను: 2011 జూన్ నుంచి పెద్ద విలీనాలకు, మార్కెట్లో పోటీ దెబ్బతినకుండా చూసే కాంపిటీషన్ కమిషన్ (సీసీఐ) అనుమతి ఉండాలి. ఇన్నేళ్లలో ఒక్కదాన్నీ పూర్తిగా కొట్టెయ్యలేదు. 2021లో మా గంగవరం పోర్టు అదానీ చేతికెళ్లింది. అప్పటికే కృష్ణపట్నం వాళ్లదే. దానికీ సరే అన్నారు. ఏం కాపలా ఇది?

సీతమ్మధార సీఏ: శ్రీను గారూ, కొట్టేసినవే లెక్కపెడితే ఎలాగండీ? 2014లో రాన్‌బాక్సీని కొనడానికి సన్ ఫార్మా ఏడు మందులు వదులుకోవాల్సి వచ్చింది. డీటీ సినిమాస్ థియేటర్లను 39 స్క్రీన్లతో కొనబోయిన మల్టీప్లెక్స్ సంస్థ పీవీఆర్‌కు 2016లో 32తోనే సరిపెట్టారు. ఇలా కోత పడుతుందని తెలిస్తే కొన్ని డీల్స్ లాయర్ గది దాటవు. అవి ఏ రికార్డులోనూ కనిపించవు.

గాజువాక శ్రీను: కనిపించనివాటిని నమ్మమంటారు, బాగుంది!

జగదాంబ సెంటర్: అదే పీవీఆర్ 2022 మార్చిలో ఐనాక్స్‌తో విలీనం ప్రకటించింది. దేశంలో మొదటి రెండు మల్టీప్లెక్స్ సంస్థలు! కోవిడ్‌తో థియేటర్లు మూతపడ్డ ఏడాది లెక్కల్లో ఐనాక్స్ టర్నోవర్ అప్పటి మినహాయింపు పరిమితి 1000 కోట్ల లోపే ఉండటంతో సీసీఐ గడప తొక్కే పనే పడలేదు. ఒక వినియోగదారుల సంస్థ ఫిర్యాదు చేస్తే, ఇంకా జరగని నష్టం మీద విచారణ కుదరదన్నారు. మన రాష్ట్రంలో టికెట్ ధరకైనా జీవో ఉంది, పాప్‌కార్న్‌కు ఏదీ?

సీతమ్మధార సీఏ: దాన్ని నేనూ సమర్థించను. అందుకే 2024 సెప్టెంబరు 10 నుంచి డీల్ విలువ 2000 కోట్లు దాటి, అమ్ముడయ్యే సంస్థకు ఇక్కడ చెప్పుకోదగ్గ వ్యాపారం ఉంటే, టర్నోవర్ తక్కువైనా సీసీఐకి చెప్పి తీరాలి. అసలు విషయం దాచారని అమెజాన్‌కు 2021లో ఏమైందో చూశారుగా. ఫ్యూచర్ గ్రూపులోని ఫ్యూచర్ కూపన్స్‌లో వాటా కొన్న డీల్‌కు ఇచ్చిన అనుమతిని పక్కనపెట్టి, 202 కోట్లు జరిమానా వేశారు.

గాజువాక శ్రీను: వాళ్లకు 202 కోట్లు టీ ఖర్చు గురూ.

సీతమ్మధార సీఏ: జరిమానా సంగతి వదిలెయ్యండి. రెండేళ్ల కిందటి అనుమతి చేజారింది, అసలు టెన్షన్ అది.

జగదాంబ సెంటర్: సరే, ఒకే సంస్థ విశాఖలో ల్యాబులు, చిన్న ఆస్పత్రులు ఒక్కొక్కటిగా కొనుక్కుంటూ పోతే? ఏదీ 2000 కోట్ల దరిదాపుల్లో ఉండదు.

సీతమ్మధార సీఏ: 450 కోట్ల ఆస్తులో, 1250 కోట్ల టర్నోవరో దాటని సంస్థను కొంటే మినహాయింపే. తర్వాత రేట్లు పెంచి పీడిస్తే ఆధిపత్య దుర్వినియోగం కింద, కాంపిటీషన్ చట్టం సెక్షన్ 4తో ఫిర్యాదు చెయ్యొచ్చు. కొనకముందు ఆపే దారి మాత్రం నాకు కనబడటం లేదు.