అమెరికాలో మామూలు మనిషికి రోజులు బాగున్నాయా?

ప్రశ్న (బరంపురం): మా తమ్ముడు ఒహాయోలో గోడౌన్‌లో పని చేస్తాడు. నిన్న వీడియో కాల్‌లో సరుకుల బిల్లు కెమెరాకి దగ్గరగా పెట్టి, గుడ్ల ధర మీద వేలు పెట్టి చూపించాడు. "జీతం పెరిగింది అన్నయ్యా, చేతిలో మాత్రం ఏమీ మిగలట్లేదు" అన్నాడు. లెక్కలు చూస్తే 2023లో నిరుద్యోగం 3.4 శాతానికి దిగింది. మరి ఏది నిజం?

రాయగడ నుంచి: రెండూ నిజమేనండీ. 2022 జూన్‌లో ద్రవ్యోల్బణం 9.1 శాతం. తర్వాత అది తగ్గిందంటే ధరలు పెరిగే వేగం తగ్గింది, అంతే. పెరిగిన ధరలు చాలావరకు పెరిగినట్టే ఉండిపోయాయి.

పర్లాకిమిడి నుంచి: నేను ఒప్పుకోను. మా అమ్మాయి టెక్సాస్‌లో నర్సు. 2021లో మూడు శాతం వడ్డీకి ఇల్లు కొన్నారు. కిస్తీ మారలేదు, జీతం పెరిగింది. కష్టపడితే అక్కడ ఇప్పటికీ దారుంది తమ్ముడూ.

బరంపురం: అప్పుడు కొన్నవాళ్ళకి సరే అక్కా. 2023 అక్టోబర్‌కి అదే వడ్డీ ఏడున్నర దాటింది. మావాడిది అద్దిల్లు, అద్దె ఏటా పెరుగుతోంది. ఫెడరల్ కనీస వేతనం, అంటే అక్కడి కేంద్ర ప్రభుత్వం పెట్టిందైతే, 2009 నుంచి గంటకి 7.25 డాలర్లే! వాడికి అంతకన్నా ఎక్కువే వస్తుంది, అయినా టికెట్‌కి డబ్బులు లేక సంక్రాంతికి రాలేనన్నాడు. అమ్మకి ఇంకా చెప్పలేదు.