చర్చ: ఉక్రెయిన్ కోసం పోగుచేసిన డబ్బుతో సైన్యం బండికి టైర్లు కొనొచ్చా?

ప్రాగా_రమణి

అందరికీ నమస్కారం. దీపావళి రోజు ఇక్కడ పోలండ్‌లో మన హాలు గుమ్మం దగ్గర పెట్టిన డబ్బాలో పడిన డబ్బు లెక్క ఇక్కడ పెడతానని మాటిచ్చాను. సగానికి పైగా టోర్నికెట్లకీ (రక్తం ఆపే పట్టీలు), కాలిన గాయాల కట్లకీ అయింది. కొంత పవర్ బ్యాంకులకి పోయింది. మిగిలినదాంతో ఖార్కివ్ వైపు గాయపడినవాళ్లని మోసుకొచ్చే ఒక పాత పికప్‌కి నాలుగు బురద టైర్లు కొన్నాం. ఆ బండి సైన్యంలోని వైద్య దళానిది. రసీదులు ఎవరడిగినా చూపిస్తాను.

టైర్ల మీద వాట్సాప్ గ్రూపులో గొడవ మొదలైంది. అక్కడ సగం మాటలు కొట్టుకుపోతాయి, ఇక్కడే మాట్లాడుకుందాం. నా మాట ముందే చెప్తున్నాను: ఆ టైర్లు కొనడం ముమ్మాటికీ సరైన పనే.

శ్రీను_వ్రోత్స్వాఫ్

రమణి గారూ, డబ్బా మీద ఏం అతికించారు? 2024 జూలై 8న కీవ్‌లో క్షిపణి దాడికి గురైన ఓఖ్మాత్‌దిత్ పిల్లల ఆసుపత్రి ఫొటో. కింద "ఆసుపత్రులకి, పిల్లలకి" అని తెలుగులో, ఇంగ్లీషులో రాశారు. అది చూసే వంద జ్లోటీలు (పోలండ్ డబ్బు) వేశాను. మా పాప తన కిడ్డీ బ్యాంకులోంచి తెచ్చి వేసింది. ఇప్పుడు సైన్యం బండికి టైర్లంటున్నారు. ఈ నిర్ణయం ఎవరు చేశారు? ఎవరిని అడిగి చేశారు?

లుబ్లిన్_లక్ష్మి

టైర్లే కదండీ, తుపాకులు కాదు.

శ్రీను_వ్రోత్స్వాఫ్

తుపాకులు కాదు అన్నది నా ప్రశ్నకి జవాబు కాదు. డబ్బా మీద ఏం రాశారు?

విన్నిట్సియా_బ్యాచ్

నేను ఉక్రెయిన్‌లోని విన్నిట్సియాలో ఎంబీబీఎస్ చదువుతూ 2022లో బయటపడ్డాను. జార్జియాలో కోర్సు పూర్తిచేసి ఇప్పుడు వార్సాలో ఉంటున్నాను. వైద్యం వైపు నుంచి నాలుగు మాటలు.

గాయపడిన సైనికుడికి చేసే సాయం మామూలు సాయం కాదని ఎవరన్నా అంటే నాకు బాధేస్తుంది. 1859లో సోల్ఫెరీనో యుద్ధభూమిలో దిక్కులేకుండా పడివున్న క్షతగాత్రులని చూసే హెన్రీ డ్యూనాంట్ రెడ్‌క్రాస్‌కి బీజం వేశాడు. 1864 నాటి మొదటి జెనీవా ఒప్పందం మొత్తం గాయపడిన సైనికుల గురించే. మన దేశం సంగతి చూడండి. 1938లో కాంగ్రెస్ చైనాకి పంపిన వైద్య బృందంలో వెళ్లిన డాక్టర్ కొట్నీస్ అక్కడ వైద్యం చేసింది జపాన్‌తో పోరాడుతున్న సైనికులకే. ఆయన పేరు మనం ఇప్పటికీ గౌరవంగా తలుచుకుంటాం.

ఇక బండి సంగతి. ముందు వరసలో ఎర్ర శిలువ గుర్తున్న తెల్ల అంబులెన్సు తిరగలేదు, డ్రోన్లు దాన్నే వెతుక్కుంటూ వచ్చి కొడతాయి. అందుకే ఆకుపచ్చ రంగేసిన పికప్పులు. తొడ దగ్గర పెద్ద రక్తనాళం తెగితే కొన్ని నిమిషాల్లోనే ప్రాణం పోతుంది. టోర్నికెట్ బిగించి ఆపినా, దాన్ని గంటల తరబడి ఉంచితే కాలే తీసేయాల్సి వస్తుంది. అందుకే బండి బురదలో దిగబడకుండా రావాలి. ఆన్‌లైన్‌లో చవగ్గా దొరికే నకిలీ టోర్నికెట్లని నేనే పరీక్షించి పక్కన పడేశాను. బిగించడానికి తిప్పే ప్లాస్టిక్ పుల్ల గట్టిగా మెలితిప్పేసరికి వంగిపోతుంది. అసలుది ఒక్కోటి సుమారు 30 డాలర్లు. పట్టీకి అంత పెట్టి, బండి దారిలో ఆగిపోతే ఆ పట్టీ కొని ఏం లాభం?

గాజువాక_ఇంజినీర్

నాది వేరే టెన్షన్. మనం ఇక్కడ రెసిడెన్స్ కార్డుల మీద ఉన్నాం. భారత ప్రభుత్వం ఎవరి పక్షమూ తీసుకోలేదు. రేపు కార్డు రెన్యువల్‌లో "సైన్యానికి సాయం చేశారా" అని అడిగితే?

ప్రాగా_రమణి

ఇంజినీర్ గారూ, పోలండ్‌లో ఇదేమీ చాటుమాటు పని కాదు. 2022 వేసవిలో పోలండ్ జనం చందాలేసుకుని ఒక బైరక్తార్ (టర్కీ తయారీ యుద్ధ డ్రోన్) కోసం 2 కోట్ల జ్లోటీలకు పైగా పోగుచేశారు. అంతకు ముందే లిథువేనియాలో జనం కొన్ని రోజుల్లోనే డబ్బు కూడబెడితే, తయారుచేసే కంపెనీ డ్రోన్‌ని ఉచితంగానే ఇచ్చింది. లాత్వియాలో తాగి నడిపినవాళ్ల దగ్గర జప్తు చేసిన కార్లని 2023 నుంచి ప్రభుత్వమే ఉక్రెయిన్‌కి పంపుతోంది. మేం అంత దూరం వెళ్లలేదు. బుల్లెట్‌ప్రూఫ్ జాకెట్ల లాంటివాటికి ఎగుమతి అనుమతులు కావాలి, వాటి జోలికే పోం. పంపే ప్రతి వస్తువూ ఉక్రెయిన్ ఆన్‌లైన్ వ్యవస్థలో, అందుకునే సంస్థ పేరు మీద నమోదవుతుంది. ఆ కోడ్ లేకుండా బండి సరిహద్దు దాటదు.

మన ప్రభుత్వం సంగతంటారా, 2024 ఆగస్టులో ప్రధాని కీవ్ వెళ్లినప్పుడు నాలుగు భీష్మ్ క్యూబులు (ఎక్కడికైనా మోసుకెళ్లగల అత్యవసర వైద్య పెట్టెలు) ఇచ్చి వచ్చారు.

శ్రీను_వ్రోత్స్వాఫ్

ప్రధాని ఇచ్చినవి మందులు. టైర్లు కాదు.

ఉప్పాడ_కుర్రాడు

నేను ఫ్రాన్స్‌లో బ్రిటనీ తీరాన పనిచేస్తున్నాను. ఇక్కడి జాలర్లు పాతబడ్డ సముద్రపు వలలు ఉక్రెయిన్ పంపుతున్నారు. వాటిని రోడ్ల పక్క స్తంభాలకి కట్టి పైన పందిరిలా కప్పుతున్నారు, డ్రోన్ వచ్చి రెక్కలు చిక్కుకుని ఆగిపోతుంది. మాది వలలు అల్లే ఇల్లు, ఆ వల కన్ను బిగువు చూస్తే అది ఎంత బరువు మోస్తుందో నాకు తెలుస్తుంది.

ఉక్రెయిన్‌లోని ఖెర్సన్‌లో రష్యా సైన్యం డ్రోన్లతో మామూలు జనాన్ని వెంటాడి చంపడం మానవత్వంపై నేరమని ఐక్యరాజ్యసమితి విచారణ కమిషన్ 2025 మేలో తేల్చింది. వలలు కప్పిన రోడ్ల మీద సిటీ బస్సులు, అంబులెన్సులు, సైన్యం బళ్లు అన్నీ తిరుగుతాయి. మరి మా వాళ్లు ఆ వల ఎవరికి ఇచ్చినట్టు శ్రీనన్నా?

శ్రీను_వ్రోత్స్వాఫ్

మళ్లీ పక్కదారి. వల గురించి ఎవరడిగారు తమ్ముడూ? జనం ఒకటి అనుకుని డబ్బు వేస్తే ఇంకొకటి కొన్నారు. ఊళ్లో గుడికని చందా ఎత్తి రోడ్డేస్తే, రోడ్డు మంచిదేగా అని ఊరుకుంటామా?

ఇంకో మాట. ఆ దేశం మీద అంత ప్రేమ పొంగిపోతోంది గానీ, 2022 ఫిబ్రవరిలో ల్వివ్ స్టేషన్‌లో మా తమ్ముణ్ణి రైలు మెట్ల మీంచి లాగేశారు. ముందు మా వాళ్లు, తర్వాతే మీరు అన్నారు. వాడు శెహినీ దగ్గర పోలండ్ సరిహద్దు దాకా మంచులో నడిచాడు. వాడి కాలి వేళ్లు ఇప్పటికీ చలికి మొద్దుబారతాయి. ఆ రోజు వాడికోసం ఎవరూ టైర్లు కొనలేదు.

విన్నిట్సియా_బ్యాచ్

అన్నా, ఆ చలిలో నేనూ ఉన్నాను. నన్నూ తోశారు, భుజం కమిలిపోయింది. అది మర్చిపోమని నేను చెప్పను. కానీ సరిహద్దు ఇవతల ప్షెమిశ్ల్ స్టేషన్‌లో నాకు వేడి సూప్ పోసి, తన ఫోన్ నుంచి గుంటూరులో మా అమ్మకి కాల్ కలిపిచ్చినామె కూడా ఉక్రెయిన్ మనిషే. అంతకు ముందు రోజే ఇద్దరు పిల్లలతో సరిహద్దు దాటి వచ్చింది. వచ్చీరాగానే ఆప్రాన్ కట్టుకుని నిలబడింది. మీ తమ్ముడి అనుభవం లెక్కలోకి వస్తే నాదీ రావాలి కదా.

లుబ్లిన్_లక్ష్మి

ఇద్దరి మాటా నిజమే. కానీ టైర్లతో దీనికేం సంబంధం?

ప్రాగా_రమణి

శ్రీనూ, నీకు సూటిగా ఒక ప్రశ్న. మేం జనరేటర్లు పంపినప్పుడు కరెంటు ఎవరు వాడతారని అడిగావు. టిన్ను డబ్బాల్లో అట్టముక్కలు చుట్టి మైనం పోసి కొవ్వొత్తులు చేస్తే, అవి కందకాల్లోకే పోతాయని పేచీ పెట్టావు. సైన్యం బళ్లని కనబడకుండా కప్పే వల అల్లడానికి వచ్చి, గోధుమరంగు గుడ్డపీలికలు చూసి ఒక్క ముడైనా వేయకుండా వెళ్లిపోయావు. నీకు రసీదు కావాలా, అసలు ఈ పనే ఆగిపోవాలా? ముందు అది తేల్చు. ఆదివారాలు మా పిల్లల్ని వదిలేసి నేను ఆ హాల్లో కూర్చుంటున్నది నీ చేత దొంగ అనిపించుకోవడానికి కాదు.

శ్రీను_వ్రోత్స్వాఫ్

మిమ్మల్ని దొంగ అని నేనెక్కడన్నాను? డబ్బా మీద రాసింది చదవమన్నాను. అది చదవడానికి మీకంత కష్టమెందుకు? నలుగురు చప్పట్లు కొట్టేసరికి ఇక్కడి తెలుగువాళ్లందరి తరఫునా మీరే నిర్ణయాలు చేసేస్తున్నారు.

మోడరేటర్

ఇద్దరూ వ్యక్తిగత మాటలు ఆపండి. మళ్లీ జరిగితే చర్చ మూసేస్తాను.

శ్రీను_వ్రోత్స్వాఫ్

మూసే ముందు ఒక్కటి చెప్తాను. ఇంతవరకు ఇక్కడ ఎవరికీ చెప్పలేదు.

మా మేనత్త కొడుకు, నాకంటే చిన్నోడు. 2023 చివర్లో ఒక ఏజెంటు మాస్కోలో సెక్యూరిటీ గార్డు ఉద్యోగమని లక్షలు తీసుకుని పంపాడు. అక్కడ రష్యన్ భాషలో ఉన్న కాగితం మీద సంతకం పెట్టించుకున్నారు. చేతికి తుపాకీ ఇచ్చాక గానీ వాడికి అది సైన్యం కాంట్రాక్టని తెలియలేదు. చివరి ఫోన్లో "ఖార్కివ్ దగ్గరున్నాం బావా, రాత్రిళ్లు డ్రోన్ల మోత" అన్నాడు. ఆ తర్వాత ఫోన్ లేదు. 2024 జూలైలో ప్రధాని మాస్కోలో ఇలాంటి పిల్లల సంగతి ఎత్తారని విని మా అత్తమ్మ వాడి గదికి సున్నం వేయించింది. ఇప్పటికీ సోమవారం ప్రజావాణికి అర్జీ పట్టుకుని పోతుంది.

మీరు టైర్లేసిన బండి గాయపడినవాణ్ణి తెస్తుంది. వాడు కోలుకుని మళ్లీ కందకంలోకి పోతాడు. ఎదురుగా ఉన్నది మా పిల్లోడే కావచ్చు. నా వంద జ్లోటీలు అందులో ఉన్నాయి.

ఉప్పాడ_కుర్రాడు

అన్నా.

ప్రాగా_రమణి

శ్రీనూ, ఈ మాట నాకు తెలిసుంటే ఇంత గట్టిగా మాట్లాడేదాన్ని కాదు. అత్తమ్మ గారి పరిస్థితి తలుచుకుంటే నా కడుపు తరుక్కుపోతోంది.

ముందు పని చూద్దాం. యుద్ధఖైదీల వ్యవహారాలు చూసే ఉక్రెయిన్ ప్రభుత్వ విభాగం 2024లో "ఖోచు నైతీ" (వెతికి పట్టుకోవాలనుంది) అనే ప్రాజెక్టు ఒకటి మొదలుపెట్టింది. రష్యా వైపు పోరాడుతూ కనిపించకుండా పోయినవాళ్ల గురించి కుటుంబాలు అక్కడ అడగొచ్చు. అంతర్జాతీయ రెడ్‌క్రాస్ కూడా ఆచూకీ తీస్తుంది. మాతో వల అల్లేవాళ్లలో ఇద్దరికి ఆ ఫారాలు నింపడం అలవాటే, వాళ్ల వాళ్లూ కనిపించడం లేదు. పాస్‌పోర్టు వివరాలు నాకు విడిగా పంపు, ఇక్కడ పెట్టకు.

కానీ టైర్ల విషయంలో నా మాట మారదు. ఆ పిల్లాణ్ణి కందకంలోకి నెట్టినవాళ్లు మాస్కోలో ఉన్నారు. గాయపడిన ఖార్కివ్ కుర్రాడు అక్కడే నెత్తురు కారి చచ్చిపోతే మీ వాడు ఇంటికొస్తాడా?

శ్రీను_వ్రోత్స్వాఫ్

వివరాలు పంపుతాను. నాకు కావాల్సింది ఒక్కటే, ఈ యుద్ధం ఆగాలి. ఎలాగైనా సరే. ఎవరు ఎంత భూమి వదులుకుంటారన్నది నాకు అనవసరం.

ప్రాగా_రమణి

ఇదిగో, మన గొడవ ఇక్కడుంది, డబ్బా మీద కాదు. నా పక్కన కూర్చుని ముడులేసే ఆవిడది దక్షిణ ఉక్రెయిన్‌లోని మెలితోపోల్. 2022 మార్చి నుంచీ ఆ ఊరు రష్యా చేతిలోనే ఉంది. ఆవిడ ఇంట్లో ఇప్పుడు ఎవరో కాపురముంటున్నారు, తల్లి సమాధి అక్కడే ఉండిపోయింది. "ఎలాగైనా ఆగితే చాలు" అని ఆవిడ మొహం మీద నేను అనలేను. నువ్వు అనగలవా?

శ్రీను_వ్రోత్స్వాఫ్

మా అత్తమ్మ మొహం మీద మీరు "ఇంకా పోరాడాలి" అనగలరా?

గాజువాక_ఇంజినీర్

ఇది తేలేది కాదు. ఈసారి రెండు డబ్బాలు పెట్టండి. ఒకటి పిల్లలకీ ఆసుపత్రులకీ, ఇంకోటి సైన్యం వైద్య దళాలకి. ఎవరికి నచ్చినదాంట్లో వాళ్లు వేస్తారు.

విన్నిట్సియా_బ్యాచ్

సరే. మరి ఖార్కివ్ ఆసుపత్రిలో చేరిన సైనికుడి మందులు ఏ డబ్బాలోంచి కొనాలి? అక్కడ సైనికుడూ, పాల ప్యాకెట్టు కోసం వెళ్లి దెబ్బతిన్న ముసలావిడా ఒకే ఆపరేషన్ థియేటర్‌లోకి వస్తారు.

ప్రాగా_రమణి

రెండు డబ్బాలకి నేను సరే. కానీ ఆసుపత్రి డబ్బా డబ్బుతో కొన్న మందు ఎవరికి వాడాలో డాక్టర్‌కే వదిలేస్తాం. ఆ మాట డబ్బా మీదే రాస్తాం.

శ్రీను_వ్రోత్స్వాఫ్

పిల్లల డబ్బా వేరే పెట్టండి, అప్పుడు మూడవుతాయి. దాంట్లో నేను వేస్తాను, మా పాప చేత కూడా వేయిస్తాను. నా పాత వంద మాత్రం తిరిగి ఇవ్వండి.

ప్రాగా_రమణి

ఆదివారం హాలుకి రా, ఇస్తాను. వాడి ఫొటో ఒకటి తీసుకురా, ఫారానికి కావాలి.